వేలు పెట్టి చూపించిన మాట

బోగోలు, 1962

అమ్మకు ఎలిశబెతు వందనాలు. నేను బాగానే ఉన్నాను, కంగారు పడొద్దు.

మద్రాసు పోతున్న పోలండు ఓడలో కాలు నలిగిన ఒక నావికుణ్ణి ఇక్కడి జాలర్లు పడవలో తెచ్చి మా ఆసుపత్రిలో చేర్చారు. కాలు కుళ్లిపోయింది. "రేపు తీసెయ్యాల, లేకుంటే మనిషి దక్కడు. నువ్వే చెప్పు పాపా" అన్నారు డాక్టరమ్మ. అతనికి ఇంగ్లీషు రాదు, నాకు అతని భాష రాదు. అతని దగ్గర ఇంగ్లీషు నేర్చుకునే చిన్న పుస్తకం ఉంది. ప్రతి ఇంగ్లీషు మాట పక్కనా వాళ్ల భాషలో అర్థం ఉంటుంది. కాలు, కోయడం, రేపు అనే మాటలు వెతికి ఒక్కొక్కటే చూపించాను. అతను చాలాసేపు పేజీలు తిప్పి, భయం అనే మాట మీద వేలు పెట్టాడు. నేనూ అక్కడే వేలు పెట్టాను. కోసేటప్పుడు ఆ కాలు పట్టుకోవాల్సింది నేనే, నర్సు పనిలో ఇలాంటిది నాకు ఇదే మొదలు.

నాయన దగ్గు తగ్గిందా? పాత పంచెలు ఉడకబెట్టి ఆరేసి పంపు, కట్లకు గుడ్డ చాలడం లేదు.

ఈ కార్డు చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది. అయినా ప్రార్థన చెయ్యి. అతని పేరు నాకు నోరు తిరగదు. కాలు పోయిన బిడ్డ అను, దేవునికి తెలుస్తుంది. ఆ పక్కనే నా పేరూ చెప్పు.