నస్రీన్ పని మానదు

టేకుమట్ల

బేటా ఇంతియాజ్‌కు దువా. ఇక్కడ అందరం బాగున్నాము.

ఫోన్లో నా మాట పూర్తి కాకముందే కట్ చేస్తావు, అందుకే కార్డు రాస్తున్నాను. నలుగురూ నవ్వుతున్నారని కోడలు నస్రీన్‌ని ఆశా వర్కర్ పని మాన్పించమన్నావు. మాన్పించను.

ఊర్లో డెంగీ జ్వరాలు లేచినాయి. మసీదులో నమాజుకు ముందు కాళ్లుచేతులు కడుక్కునే వజూ తొట్టిలో దోమ పిల్లలు ఉన్నాయి, నీళ్లు పారబోయండని నస్రీన్ గేటు దగ్గర నిలబడి చెప్పింది. మసీదు పెద్ద సర్వర్‌మియాకు కోపం వచ్చింది. "పాక్ నీళ్లల్ల, పవిత్రమైన నీళ్లల్ల పురుగులేంది? ఇంటికి పో బిడ్డా" అన్నాడు. నేను తొట్టిలో గ్లాసు ముంచి ఆయన ముందర పెట్టినాను. "పాక్ నీళ్లే గద భాయ్, జర తాగు" అన్నాను. గ్లాసులో పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. తాగలేదు. తొట్టి ఖాళీ చేసి నేనే రుద్దినాను. శుక్రవారం జుమ్మా నమాజు నాడు కొత్త నీళ్లతో అందరూ వజూ చేసుకున్నారు, సర్వర్‌మియా కూడా.

ఇప్పుడు కట్టె పట్టుకొని నేను కూడా ఆమె వెంట ఇల్లిల్లు తిరుగుతున్నాను. ఆమె చెప్పులు తెగినాయి, గట్టివి ఒక జత తీసుకురా. అక్కడ నీ గదిలో కూలర్ నీళ్లు పారబోసినావా లేదా? నువ్వు ఊరికి వచ్చేసరికి మేము ఇంట్లో లేకపోతే బియ్యం డబ్బాలో ఉన్నాయి, వండుకో. మాకు కూడా ఉంచు.

అల్లా నిన్ను సల్లగా చూడాలె.

మీ బాబా,
బాబామియా