సూర్యుడి మచ్చలు, సోమల విత్తనాలు

మదనపల్లె, 6 ఏప్రిల్ 1947
గది చీకటి చేసి, దుర్భిణీ గుండా సూర్యుణ్ణి తెల్లకాగితం మీద పట్టాను. ఎంత పెద్ద మచ్చ! ఇంతటిది నా జన్మలో చూడలేదు. మూడేళ్ల కిందట ఇదే కాగితం వారాల తరబడి ఖాళీ. పదకొండేళ్లకోసారి ఈ పెరగడం, తరగడం... ఎందుకో చెప్పినవాడు లేడు.
పుంగనూరు సిద్ధాంతికి మాత్రం అన్నీ తెలుసు. సంతలో పదిమందిని నవ్వించాడు: "మచ్చలు ఆడ లేవప్పా, నీ కండ్లలో ఉండాయి." నవ్వినవాళ్లలో నా శిష్యులూ ఉన్నారు.

11 ఏప్రిల్
మచ్చ అంచువైపు జరిగింది. పిలిచి చూపిద్దామంటే వచ్చి చూసే మనిషి లేడు.

2 మే
కుప్పంలో మా బడి పాత హెడ్మాస్టరు పోయాడని కబురు. బడికి దుర్భిణీ కొనమంటే "ముందు ఎక్కాలు నేర్పించవయ్యా" అన్నవాడు. ఏడుపు రాలేదు.

18 మే
పుంగనూరు. నా చెల్లెలు వెంకటమ్మ సిద్ధాంతి అరుగు మీద! మొగుడు పోయాక సోమలలో సేద్యం తనదే. వాన ఎప్పుడని అడుగుతోంది. "ఆరుద్ర కార్తె పోయేదాకా ఆశ పెట్టుకోవద్దమ్మా" అంటున్నాడు వాడు. ఉండబట్టలేకపోయాను. మచ్చలు ముదిరిన ఏడు వానలు ముందే పడతాయి, ఆరుద్రకు ముందే విత్తుకో — అందరూ వినేలా అన్నాను.
అలా రాసిన పుస్తకం ఒకటుంది. కాదన్నవి నాలుగు. నాలుగూ చదివాను.

15 జూన్
సోమల. ఇంటినిండా ఆడకూలీలు, విత్తనపు శెనక్కాయలు వలుస్తూ. వలిచిన గింజ నిలవుంటే మొలకెత్తదు. చినుకు పడందే ఈ సీమలో ఎవరూ వలవరు.
"అప్పుడే యాల ఒలిపిస్తాండావు?"
"నువ్వే గదన్నా చెప్పింది. వాన పడినాక కూలోళ్లు యాడ దొరుకుతారు?"
ఒక ముసలమ్మ చేట ఆపి, "సూర్యునికి అమ్మవారు పోసినాదంట గదా, మేస్టరయ్యా?" అంది. అంతా నవ్వు.
ఆపమనాల్సింది. సిద్ధాంతి చెవిన పడుతుందని... అనలేదు.

26 జూన్
ఆరుద్ర వచ్చింది. వాన లేదు. కాగితం మీద మచ్చలకు లోటు లేదు.

29 జూన్
మబ్బు. గాలి. పోయింది.

4 జూలై
మధ్యాహ్నం బస్సుకు వెంకటమ్మ వచ్చింది. గింజలు కొన్ని తడిగుడ్డలో మూటగట్టి చూసిందట. సగం మొలకెత్తలేదు.
"దినదినానికీ సస్తాండాయన్నా. గానుగకు ఏస్తే నూనెన్నా వస్తాది. ఏసేస్తే మళ్లా విత్తనం యాడ తెచ్చేది? పెట్టుకోమంటావా, ఏసేయమంటావా?"
"సిద్ధాంతినేమైనా అడిగినావా?"
"నీ మాట కాదని ఆయప్ప కాడికి యాల పోతాను?"
దక్షిణాన మబ్బు కట్టింది. నిన్నా కట్టింది. రాసుకునే పని ఉందని చెప్పి లోపలికొచ్చాను. తను వసారాలో కూర్చుని ఉంది, సాయంత్రం బస్సుకు పోవాలంటూ. ఆ బస్సు వేళకి ఏదో ఒకటి చెప్పాలి.