ఇంకా రాని తారీఖు

సూర్యాపేట,
20 జులై 2009

జితేందర్ బావకు,

ఈ ఆదివారం వచ్చి మా పటాల షాపు కంప్యూటర్ బాగుచేస్తానన్నావు. దయచేసి రాకు.

నువ్వు రాసిచ్చిన ప్రోగ్రాం అమెరికావాళ్ల పద్ధతిలో నెలను ముందు చదువుతోంది. మనమేమో రోజు ముందు కొడతాం. నడిగూడెంలో గొర్లు కాసే కాటయ్య జూన్ పదిన పోయాడు. దినాలకు పటం కావాలంటే 10-6 అని కొట్టాను. ఫోటో కింద 'మరణం: అక్టోబర్ 6' అని అచ్చయింది. ఆ హడావుడిలో ఎవరూ చూడలేదు. తర్వాత నేనే గమనించి, మార్చి ఇస్తానని ఆయన భార్య రేణుకమ్మకు కబురు పెట్టాను. ఆమె ఉత్త చేతులతో వచ్చింది.

"మార్చకు బిడ్డా. పటం గోడకు పెట్టిన కాన్నుంచి రోజూ పొద్దుగూకంగ మంద ఎనక ఆయన అదిలింపు ఇనవడ్తున్నది. అక్టోబర్ దాక ఉండనీ" అంది.

దుఃఖంలో అంటోంది అనుకున్నాను.

నిన్న మీ చెల్లె సువర్ణ పటం చేశాను. మే తొమ్మిదిన పోయినప్పటి నుంచి చెయ్యబుద్ధి కాలేదు. 9-5 అని కొట్టాను. ఏమొస్తుందో తెలిసే కొట్టాను. సెప్టెంబర్ 5 అని వచ్చింది. అట్లాగే గోడకు పెట్టాను.

ఈ పొద్దున తలుపు తీస్తే వాకిలి ఊడ్చి ఉంది. చల్లిన పేడనీళ్ల సాంపి తడి ఇంకా ఆరలేదు. ముగ్గులో ఒక మూల ఖాళీగా ఉంది. నేను చూడకుండా తొక్కుతానని సువర్ణ ఎప్పుడూ అక్కడ గీత గీయకుండా వదిలేసేది.

సెప్టెంబర్ ఐదున మాత్రం తెల్లారేసరికి రా బావా. ఆ రోజు నేనొక్కణ్నే ఉండలేను.