సగమే కరిగిన రాయి

తమ్ముడూ,

నీకు ఇక చూపు రాదని డాక్టరు చెప్పాడు. రేపు విచారణకు ల్యాబు అధికారులు ఆసుపత్రికే వస్తారు.

ఆ రోజు ల్యాబులో మనం డ్రమ్ములో వేసి యాసిడ్ పోసిన రాతిపొడిలో రెండు రకాల రాళ్ళున్నాయనీ, ఒకటి యాసిడ్‌లో ఇట్టే కరిగితే రెండోది నిదానంగా కరుగుతుందనీ, ఇంకా సగం మిగిలే ఉందనీ నువ్వు లెక్కగట్టి చెప్పావు. “నురగ ఆగింది కదరా, అంతా అయిపోయినట్టే, మూత బిగించు” అన్నది నేనే. లోపల గ్యాసు పెరిగి డ్రమ్ము నీ ముఖం మీదే పేలింది.

అయినా అంతా కరిగిపోయిందన్న ఆ అంచనా నీదేనని చెప్పు. నువ్వు మళ్ళీ ల్యాబుకు ఎలాగూ రాలేవు, నా ఉద్యోగమైనా నిలవనీ.

మరదలా, ఇది వాడికి చదివి వినిపిస్తున్నది నువ్వే కదూ? ఆ మాటే రాసి దీంతో పంపిన కాగితం మీద సంతకం చోట వాడి చెయ్యి నువ్వే పట్టుకుని పెట్టించు.

మీ మేలు కోరే
అన్నయ్య