నిదానంగా కోసిన తోలు

ప్రియమైన తమ్ముడికి,

మూడు రోజులుగా ముసురు. తోలు తేమెక్కి కత్తికి లొంగడం లేదు. బూట్ల అంచులు పలుచగా చెక్కేసరికి వేళ్ళు మొద్దుబారుతున్నాయి.

బూట్ల పని నేర్పే మీ సారు ఫోన్‌లో చూసి నేర్చుకోమన్నారన్నావుగా. నా ఫోన్ మన ఊరి వైపు లారీ నడిపే అన్న చేతికిచ్చి పంపుతున్నాను. పక్క బల్ల పిన్ని నా పని వీడియో తీసింది. నువ్వడిగినట్టే నీ కంటికి అందేలా నిదానంగా కోశాను. రోజూ అలా చేస్తే మేస్త్రీ ఊరుకుంటాడా? సినిమాలు చూశావంటే చెవి మెలేస్తాను. నాకు ఉత్తరం చాలు.

నీ అక్క

ప్రియమైన అక్కకు,

పరీక్షలో నాదే మొదటి స్థానం. సారు నీ వీడియో క్లాసంతటికీ చూపించారు. ఫోన్‌లో మీ యజమాని నంబరుంటే ఆయనకూ పంపాను. కొత్తవాళ్ళకు నేర్పే పని మా అక్కకివ్వండని రాశాను. ఇక నీకు నడుము నొప్పి తప్పుతుంది.

నీ తమ్ముడు

తమ్ముడికి,

యజమాని పిలిచాడు. నువ్వు పంపిన వీడియో పెట్టి, గడియారం పక్కన పెట్టుకున్నాడు.

"ఒక్క జోడుకి ఇంతసేపా?"

"తమ్ముడికి అర్థం కావాలని మెల్లగా చేశానండీ."

"మరి రోజూ ఎవరికి అర్థం కావాలని చేస్తున్నావమ్మా?"

మేస్త్రీ నవ్వాడు. ఇప్పుడే చేసి చూపిస్తానన్నాను. "ఎదురుగా నిలబడితే అందరూ పరిగెడతారు. ఫోన్‌కి మొహమాటం ఉండదు" అన్నాడు యజమాని. నెలాఖరు దాకానే రమ్మన్నాడు.

మెల్లగా చేయమన్నది నువ్వేనని ఆయనతో చెప్పు. నా మాట నమ్మలేదు, నీ మాట నమ్ముతాడు. ఆలస్యం చేయకు.

అక్క

అక్కకు,

ఫోన్ చేశాను. సంగతి ఎత్తేలోపే, నేనెంతలో చేస్తానో వీడియో తీసి పంపమన్నాడు మీ యజమాని. పంపాను. నీకు పట్టిన దాంట్లో సగం సేపట్లో అయిపోయింది. ఒకటో తేదీ నుంచి నీ బల్ల నాకిస్తానన్నాడు.

మళ్ళీ ఫోన్ చేసి నిజం చెబుదామనుకున్నాను. చెబితే నాదీ పోతుంది. ఇద్దరం ఇంట్లో కూర్చుని ఏం చేస్తాం? నువ్వైనా ఇదే చెప్పేదానివి. కోపం పెట్టుకోకు. వెలుతురు కిటికీ వైపు నుంచే పడుతుందా? వీడియోలో సరిగా తెలియలేదు.

తమ్ముడు

తమ్ముడికి,

వెలుతురు ఎడమ నుంచి పడుతుంది. పొద్దున కాస్త కళ్ళల్లో కొడుతుంది, బల్ల పక్కకి జరుపుకో. మేస్త్రీ కొత్తవాళ్ళకి ఆ వీడియో చూపించి, ఇలా చేస్తే ఇంటికి పోతారని చెబుతున్నాడు. నువ్వొచ్చాక నీకూ చూపిస్తాడు. తల వంచుకుని చూడు.

ఇంటికి రావడం లేదు. పిన్ని వాళ్ళ అక్క ఊళ్ళో బట్టలుతికే చోట పని ఉందంటే ఒప్పుకున్నాను. శనివారం మధ్యాహ్నం, భోజనాల గంట కొట్టాక, బల్ల వదిలి ఇక్కడికి వచ్చేశాను.

అక్క