పోలండు కోడలికి చప్పట్లు

హేనం, కొరియా,
డిసెంబరు నెల, మొదటి మంచు పడిన రోజు.

అమ్మకు,

నీ పెద్ద కూతురు దియెప్ నమస్కారం చేసి రాస్తున్నది. ఇక్కడ మేమందరం క్షేమంగానే ఉన్నాం, నా కడుపుమంట ఒక్కటి మినహాయిస్తే. అక్కడ వియత్నాంలో నువ్వూ, నాన్నా, తమ్ముడూ, మరదలు థొవా, కాలవలో మన బాతులూ అంతా బాగున్నారని తలుస్తాను. ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అనకు. ఫోను ఎత్తితే నీ పక్కన నలుగురు, నా పక్కన నలుగురు. ఇది నలుగురిలో చెప్పే మాట కాదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నీ మనవరాలు సోయుల్‌కి దగ్గు పూర్తిగా తగ్గింది. మా ఆయన నడుము నొప్పి అలాగే ఉంది, పొలంలో క్యాబేజీ కోతలు అయ్యేదాకా అది తగ్గేది కాదు. కొత్త తోడికోడలు వచ్చిందా, పాపం ఆ పిల్ల కొరియా తిండి ఎలా తింటోంది అని అడిగావు. పాపమా! జాలి పడాలంటే నన్ను చూసి పడు.

కిమ్చీ పెట్టే రోజులు కదా అని మా మరిది తేసొక్ పెళ్ళాన్ని వెంటబెట్టుకుని సోల్ నుంచి వచ్చాడు. పేరు అగాతా, పోలండు పిల్ల. మనిషి మన తలుపు కన్నా ఎత్తు, జుట్టు ఎండుగడ్డి రంగు. వాళ్ళ దేశంలోనూ క్యాబేజీని పీపాల్లో ఊరేస్తారట, అంచేత కిమ్చీ అంటే బెదురు లేదు. సరే, అది ఆమె అదృష్టం.

వచ్చిన పూటే మా అత్తగారు హొంగో పెట్టింది. నీకు ఇదివరకు రాశానుగా, టేకు చేపని ముక్కు బద్దలయ్యే ఘాటు వచ్చేదాకా ఊరబెడతారు, ఉడికించిన పందిమాంసం మీద పెట్టి పాత కిమ్చీలో చుట్టి తింటారు. తెల్లపిల్ల హొంగో తింటుందట అని తెలిసి వీధిలో ఆడవాళ్ళంతా దిగారు. అగాతా ముక్క నోట్లో వేసుకుంది. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి. మింగింది. మింగి, ఆమెకి అప్పటికి వచ్చిన ఒకే ఒక్క కొరియా మాట చెప్పింది, "చాలా బాగుంది" అని.

"అమ్మోయ్, మింగేసిందర్రా!" అని పక్కింటి బొల్గ్యో పెద్దమ్మ చప్పట్లు మొదలుపెట్టింది. "మా సోల్ మనవలు ఆ వాసనకే పారిపోతారు. ఈ పిల్ల చూడు, తినే పుల్లలు ఎంత ఒడుపుగా పట్టిందో!"

"పోయిన జన్మలో మన హేనంలోనే పుట్టుంటుందిలే," అంది ఇంకొకావిడ.

అమ్మా, నేను పెళ్ళై వచ్చిన కొత్తలో అదే చేప పెడితే పెరట్లో జాడీల వెనక్కి పరిగెత్తి కక్కాను. అప్పుడు ఇదే బొల్గ్యో పెద్దమ్మ, "వియత్నాం పిల్ల పట్టుమని నాలుగు రోజులు నిలవదు, చూస్తుండండి" అంది. నిలిచాను. ఇప్పుడు హొంగో ఈ ఇంట్లో నాకన్నా ఎక్కువ తినేవాళ్ళు లేరు. ఆ రోజు కావాలని అగాతా పక్కనే కూర్చుని ముక్క మీద ముక్క లాగించాను. ఒక్క పుణ్యాత్మురాలైనా నా వైపు చూడలేదు. "సోయుల్ అమ్మా, ఖాళీగానే ఉన్నావుగా, కాస్త మంచినీళ్ళు తెచ్చిపెట్టు" అన్నారు, ఎప్పట్లాగే కూతురి పేరుతో పిలిచి.

ఆ తర్వాత రోజూ ఇదే వరస. కాళ్ళు ఇంకా మెలికలు తిరుగుతున్న పచ్చి ఆక్టోపస్ ముక్కలు తింది, చప్పట్లు. మేజోళ్ళ కంపు కొట్టే సోయా ముద్ద పులుసు తాగింది, చప్పట్లు. ఆ పులుసు కాచింది ఎవరు? నేను. చేపలు కడిగింది ఎవరు? నేనే. ఆ పిల్ల మంచిదేనమ్మా, అబద్ధం ఎందుకు. గిన్నెలు కడగడానికి వస్తుంది, అక్కా అని పిలుస్తుంది. చెడ్డదై ఉంటే ఎంత హాయిగా తిట్టుకునేదాన్ని!

ఇక కిమ్చీ పెట్టిన రోజు సంగతి. ఇంటి వెనక నేల మీద పట్టా పరిచి, ఎర్ర రబ్బరు తొట్టె చుట్టూ ఆడవాళ్ళం అంతా రబ్బరు తొడుగులు వేసుకుని కూర్చున్నాం. ఉప్పునీళ్ళలో మగ్గిన క్యాబేజీలు ఒకపక్క గోడలా పేర్చి ఉన్నాయి. తొట్టెలో కారం, వెల్లుల్లి, ముల్లంగి తురుము, ఉప్పుచేపల ఊట, ఉప్పులో ఊరిన రొయ్యలు కలిపి ముద్ద చేశాం. ఆ ముద్ద ఆకు ఆకుకీ పులిమి పెడితే చలికాలమంతా, మళ్ళీ ఎండలు ముదిరేదాకా, అందరిళ్ళలోనూ అదే కూర. ఈ ఊళ్ళో మొదటి క్యాబేజీకి పులమడం ముగిశాక లేత ఆకు చుట్టి ఇంటి పెద్ద తన చేత్తో ఒకరి నోట్లో పెడుతుంది. ఏటా మా అత్తగారు సోయుల్‌కి పెడుతుంది. "ఈసారి మొదటి ముద్ద పోలండు కోడలికి!" అని పొద్దున్నే అందరి ముందూ ప్రకటించింది. మళ్ళీ చప్పట్లు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా నోట్లో ఆవిడ ఏనాడూ ముద్ద పెట్టలేదు, పెళ్ళైన ఏడాది కూడా.

సరిగ్గా అప్పుడే అత్తగారు కారం ముద్ద తొట్టె నా వైపు జరిపింది. "సోయుల్ అమ్మా, ఉప్పు చూడు."

ఏటా అడుగుతుంది, ఏటా చూసి చెబుతాను. ఈసారి వేలు కూడా ముంచలేదు. "సరిపోయింది" అని ముఖం తిప్పుకున్నాను.

ఆవిడ నమ్మింది. అందరం పులమడం మొదలుపెట్టాం. అగాతా నోట్లో ముద్ద పడింది, "చాలా బాగుంది" అంది. ఆ పిల్లకి రాయి పెట్టినా అదే మాట. ఎంతోసేపయ్యాక, సగానికి పైగా క్యాబేజీలు డబ్బాల్లోకి వెళ్ళాక, బొల్గ్యో పెద్దమ్మ ఒక ఆకు నోట్లో వేసుకుని మొహం చిట్లించింది.

"ఏంటే ఇది, ఇంత చప్పగా ఉంది? నెల తిరక్కుండా మెత్తబడి పాడైపోతుంది. ఉప్పు ఎవరు చూశారే?"

మా అత్తగారు నా వైపు చూడనైనా చూడలేదు. "నేనే చూశాను. సోల్ పిల్లలు ఉప్పు తినరని తగ్గించా. మరీ తగ్గినట్టుంది," అని లేచి, "సోయుల్ అమ్మా, చేప ఊట తోడాలి, రా" అని జాడీల దగ్గరికి నడిచింది.

"చూశావా?" అంది జాడీ మూత తీస్తూ.

"చూళ్ళేదు."

"ఏం?"

దాచలేకపోయాను. "ముద్ద ఆమెకి కదా అత్తయ్యా, ఉప్పు కూడా ఆమెనే చూడమనాల్సింది. నాకెందుకు ఇవన్నీ, పనిమనిషికి చెప్పినట్టు!"

"ఓసి పిచ్చిమొహమా," అంది. "ఆ పిల్ల చుట్టమే. చుట్టానికి నోట్లో పెడతాం, ఇంకోటి తినమ్మా అంటాం, చప్పట్లు కొడతాం. ఇంటిదాన్ని ఎవరైనా బతిమాలతారుటే?" తర్వాత గొంతు బాగా తగ్గించింది. "మీ మామ పోయినప్పట్నించీ నా నాలుక్కి ఉప్పు తెలీట్లేదు. నా కొడుకులకి తెలీదు. ఆ బొల్గ్యో దానికి తెలిస్తే ఊరంతా దండోరా వేస్తుంది. ఇన్నాళ్ళూ నీ నాలుకతో వండుతున్నానే నేను. అది కూడా అలిగితే ఈ ముసలిది ఏం చేస్తుంది, చెప్పు?"

గిన్నె నిండా చేప ఊట తోడి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. డబ్బాలన్నీ విప్పి, ఆకులన్నీ మళ్ళీ పులిమాం. ఈసారి మూడుసార్లు రుచి చూశాను. కిమ్చీ బాగా కుదిరింది, నీకూ ఒక డబ్బా పంపుతాను.

ఇది చదివి నువ్వు సంతోషిస్తావు, నా కూతురికి అత్తగారింట్లో ఇంత విలువ ఉందని. నేనూ సంతోషించాల్సిందే. కానీ ఆ గిన్నె పట్టుకుని జాడీల మధ్య చాలాసేపు ఏడ్చానమ్మా. చుట్టానికి నోట్లో పెడతాం అన్న మాట వినగానే నాకు మన వంటిల్లు కళ్ళముందుకొచ్చింది.

పోయిన టెట్‌కి, మన కొత్త సంవత్సరం పండగకి, వచ్చినప్పుడు నన్ను ఫ్యాను కింద కూర్చోబెట్టావు. వంటింట్లోకి రాబోతే, "అలిసిపోయి వచ్చావు, నువ్వు కూర్చోమ్మా" అన్నావు. ఊరవేసిన చేప తెచ్చి నీ చేత్తో నా నోట్లో పెట్టావు. నేను తింటే పిన్నమ్మలంతా, "కొరియా కోడలైపోయినా మన చేప ఇంకా తింటోందే!" అని చప్పట్లు కొట్టారు. నేను నవ్వాను. అదే పూట పొయ్యి మీద చింతపండు చేపల పులుసు మరుగుతుంటే, "థొవా, ఉప్పు చూడవే" అని నువ్వు వంటింట్లోంచి కేకేశావు. ఆ పిల్ల గరిటె చివర నాకి, "ఇంకాస్త పడాలి అత్తయ్యా" అంది. నువ్వు వేశావు.

ఆ కేక నాది. నాకు మాటలొచ్చిన దగ్గర్నించి నాది. అగాతా మీద కుళ్ళు అంతా ఉత్తిదేనమ్మా, అది నాలుగు రోజుల్లో పోతుంది. థొవా మీద కుళ్ళు ఏడాదిగా మోస్తున్నాను. తనేం తప్పు చేసిందని? ఏమీ లేదు. నిన్ను బాగా చూసుకుంటోంది, అది కూడా నాకు కుళ్ళే. నీకు చెప్పకూడదనుకుంటూనే ఇంత దూరం రాశాను.

నీ ఆఖరి ప్రశ్న మిగిలింది. ఈ టెట్‌కి మా అత్తగారు నన్ను పంపుతానంది. నేను వస్తే ఏం వండిపెట్టమంటావని అడిగావు. నాకేమీ వండిపెట్టకు. ఇంట్లో వాళ్ళకోసం ఏది వండుకుంటే అదే వండు. ఆ పూటకి థొవాని కొబ్బరికాయలకని బజారుకి పంపించెయ్. నేను గుమ్మంలోకి రాగానే, సంచీ దించకముందే, ఎలా ఉన్నావని కూడా అడక్కుండా, "ఒసేయ్ దియెప్, ఇలా వచ్చి ఉప్పు చూడవే" అని గట్టిగా కేకెయ్యి.

ఇట్లు,
నీ ఇంటిపిల్లే,
పెద్దకూతురు దియెప్