నాలుగడుగుల తలుపు

కడప, 12-3-2006

మీరా హుస్సేనన్నకు మెహనాజ్ సలాం. నేను బాగున్నాను. ఇంజనీరు ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు కంప్యూటర్లో గీస్తున్నాను. మొన్న నాగసుబ్బయ్య అనే పెద్దాయనకు ఆయన కట్టబోయే ఇంటిని తెరమీద తిప్పి చూపించాను. "ఈ మలుపులో శవాన్ని ఎట్ల తిప్పుతారమ్మా? మా ఇంటామె పోయిన పొద్దు ఇట్లాంటి సందులోనే నిలబెట్టి బయటికి తెచ్చినాము" అన్నాడు. నేను మలుపు తీసేసి నడవ తిన్నగా గీశాను.

అమ్మకు కట్టిస్తున్న గదికి తలుపు రెండున్నర అడుగులని రాశావు. దారబందం ఇంకా నిలబెట్టలేదు కదా? మేస్త్రీ ఏమన్నా సరే, నాలుగడుగులు పెట్టించు. అమ్మ లేచి కూర్చుంటోందా? అన్నం తింటోందా? వదినకు సలాం, పిల్లలకు ముద్దులు.

తలుపు అంత వెడల్పెందుకని అమ్మ అడిగితే, గాలి కోసమని చెప్పు.